బాక్టీరియా కణములలో మాంసకృత్తుల రసాయనిక పరివర్తనము

నిర్వచనము, పరిధి

జన్యువులోని సంకేతము ననుసరించి రైబోసోముపై కూర్పబడిన మాంసకృత్తు గొలుసునందు ఏదేని ఒక అమైనో ఆమ్లమునకు ఆ సంకేతములో లేని రసాయన సమూహ మొకటి సమయోజనీయ బంధముచే చేరుటగాని, ఉన్న సమూహము తొలగుటగాని, గొలుసులో కొంతభాగము ఖండింపబడుటగాని, దూరదూరముగా నున్న రెండు అమైనో ఆమ్లములు పరస్పరము బంధింపబడుటగాని జరిగినచో, దానిని ఆ మాంసకృత్తుయొక్క రసాయనిక పరివర్తన మందురు. జన్యుసందేశము మాంసకృత్తుగా అనువదింపబడిన పిమ్మట ఇది సామాన్యముగా జరుగును కావున దీనికి అనువాదానంతర పరివర్తన మనియు పేరు కలదు. ఐనను కొన్ని పరివర్తనములు గొలుసు రైబోసోమునుండి వెలువడుచుండగనే ఆరంభమగును. చిన్న అణువొకటి మాంసకృత్తునకు అంటుకొని, సమయోజనీయ బంధ మేర్పడకయే మరల విడిపోవుట ఈ వ్యాసపరిధిలోనికి రాదు.

పరివర్తనములలో కొన్ని మాంసకృత్తు జీవితకాలమున ఒక్కమారే జరిగి శాశ్వతముగా నిలుచును. గొలుసు మొదటి కొనను ఖండించుట, కొవ్వు ఆమ్లములను తగిలించుట ఈ జాతివి. మరికొన్ని అవసరమునుబట్టి చేర్పబడి, అవసరము తీరగనే తొలగింపబడును. ఫాస్ఫేటు, మిథైలు, ఎసిటైలు, అడెనిలైలు సమూహముల రాకపోకలు ఈ రెండవ తెగకు చెందినవి. మొదటివి మాంసకృత్తును దాని నెలవునకు చేర్చి పనికి సిద్ధపఱచును. రెండవవి ఆ పని ఎప్పుడు జరుగవలయునో, ఎంత జరుగవలయునో నిర్ణయించును. ఈ వ్యాసమునందు రెండవ తెగకు హెచ్చు స్థల మీయబడినది. ఏలనన బాక్టీరియా తన పరిసరములను గ్రహించి తదనుగుణముగా మెలగుట ముఖ్యముగా వీనిమీదనే ఆధారపడియున్నది.

రసాయనిక ఆధారము

మాంసకృత్తులలోని ఇరువది అమైనో ఆమ్లములలో పార్శ్వమున చర్యాశీలమైన సమూహము గలవే ఎక్కువగా పరివర్తనమునకు లోనగును. సెరీను, త్రియొనీను, టైరొసీనులందలి హైడ్రాక్సిలు సమూహము, హిస్టిడీను వలయములోని నత్రజని, ఆస్పార్టిక్, గ్లుటామిక్ ఆమ్లముల కార్బాక్సిలు సమూహము, లైసీనుయొక్క అమైనో సమూహము, సిస్టీనుయొక్క గంధకము వీనిలో ముఖ్యమైనవి. వీనికి చేరు సమూహములను అందించు దాతలు కణములో వేఱుగా నుండును. ఫాస్ఫేటునకు అడెనొసీన్ ట్రైఫాస్ఫేటు (ఏ.టి.పి.), మిథైలు సమూహమునకు ఎస్-అడెనొసిల్ మెథియొనైను, ఎసిటైలు సమూహమునకు ఎసిటైల్ కోఎంజైము-ఏ దాతలు. ఈ దాతలన్నియు కణముయొక్క జీవక్రియలోనే పుట్టునవి. కావున కణములో ఆహార శక్తులు ఎట్లున్నవను వార్త పరివర్తనముల ద్వారమున మాంసకృత్తులకు సహజముగనే చేరును.

ఏ.టి.పి.ని 1929లో జర్మనీయందు కార్ల్ లోమన్, అమెరికాలో హార్వర్డు వైద్యకళాశాలయందు సైరస్ ఫిస్క్, భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు వేర్వేరుగా కనుగొనిరి. అంతకు ముందే, 1925లో, ఫిస్క్-సుబ్బారావులు ఫాస్ఫేటును కొలుచుటకు ఒక వర్ణపరీక్షను ప్రకటించియుండిరి. ఆమ్లద్రావణములో ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసి యేర్పఱచు పదార్థమును క్షయకరణము గావింపగా నీలివర్ణము పుట్టును; ఆ నీలిమ గాఢతయే ఫాస్ఫేటు పరిమాణమును తెలుపును. ఎంజైముల చర్యలో విడుదలయగు ఫాస్ఫేటును లెక్కించుటకు ప్రయోగశాలలలో దశాబ్దములపాటు ఈ పద్ధతియే శరణ్యమయ్యెను.

చేరిన సమూహము చిన్నదే యైనను దాని ప్రభావము చిన్నది కాదు. ఫాస్ఫేటు చేరినచో మాంసకృత్తు భారము సుమారు 80 డాల్టనులు పెరుగును. అంతకంటె ముఖ్యముగా, అంతవఱకు విద్యుదావేశము లేని స్థానమున రెండు ఋణావేశములు వెలయును. లైసీనునకు ఎసిటైలు సమూహము చేరినచో 42 డాల్టనుల భారము పెరిగి, అచ్చటి ధనావేశము లోపించును. గ్లుటామిక్ ఆమ్లమునకు మిథైలు సమూహము చేరినచో 14 డాల్టనులు హెచ్చి, ఋణావేశము పోవును. ఆవేశము మారినంతనే ఆ పరిసరములోని ఆకర్షణ వికర్షణలు మారి, గొలుసు మడతలు కొంత కదలి, ఎంజైముయొక్క క్రియాస్థానము తెరచుకొనుటయో మూతపడుటయో సంభవించును.

బాక్టీరియాకు ఈ పద్ధతి వలన గలుగు లాభము ముఖ్యముగా కాలమునకు సంబంధించినది. ఎషెరీషియా కోలై సమృద్ధమైన ఆహారమున్నచో సుమారు 20 నిమిషముల కొకమారు విభజన చెందును; దాని రైబోసోము సెకనునకు ఇంచుమించు 15 నుండి 20 అమైనో ఆమ్లములను కూర్చును. జన్యువును మేల్కొలిపి, సందేశమును లిఖించి, క్రొత్త మాంసకృత్తును తగిన సంఖ్యలో తయారుచేయుటకు నిమిషములు పట్టును. ఉన్న మాంసకృత్తు అక్కరలేనిదైనచో దానిని వదలించుకొనుట మఱియు ఆలస్యము. ఫాస్ఫేటు నొకదానిని ఒక మాంసకృత్తునుండి మఱొకదానికి మార్చుట సెకనులో స్వల్పాంశమున ముగియును.

చరిత్ర

మాంసకృత్తునకు ఫాస్ఫేటు బంధింపబడియుండునని 1932లో ఫ్రిట్జ్ లిప్మన్, ఫీబస్ లెవీన్ కోడిగ్రుడ్డు సొనలోని విటెల్లిను నుండి ఫాస్ఫోసెరీనును వేఱుచేసి నిరూపించిరి. ఆ ఫాస్ఫేటు ఎంజైముల పనిని నియమించునను సంగతి 1955లో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ కుందేటి కండరములపై చేసిన పరిశోధనలవలన తేటపడెను. దానికి వారికి 1992లో నోబెల్ బహుమానము లభించెను. ఇవన్నియు పెద్ద జంతువులకు సంబంధించిన పరిశోధనలు. కేంద్రకము లేని చిన్నికణమునకు ఇట్టి సూక్ష్మనియంత్రణ మవసరము లేదనియు, జన్యువులను మేల్కొలుపుట, నిద్రపుచ్చుట దానికి చాలుననియు చిరకాలము పలువురు నమ్ముచు వచ్చిరి.

ఆ నమ్మకము సాగుచున్న కాలముననే దానికి విరుద్ధమైన సాక్ష్యములు ఒక్కొక్కటిగా బయల్పడుచుండెను. మిథైలు చేరిన లైసీను సృష్టిలో కలదని మొట్టమొదట తెలిసినది జంతుకణమునుండి కాదు. 1959లో ఆంబ్లర్, రీస్ అను ఆంగ్ల పరిశోధకులు సాల్మొనెల్లాయొక్క కశాభమును నిర్మించు ఫ్లాజెల్లిను అను మాంసకృత్తులో దానిని కనుగొనిరి. 1964లో కుండిగ్, సుధామయ్ ఘోష్, రోజ్‌మన్ బాక్టీరియా చక్కెరను లోనికి దీసికొనునపుడు హిస్టిడీనుపై ఫాస్ఫేటు నిలుచునని చూపిరి. ఆ సంవత్సరమే మార్కర్, సాంగర్ బాక్టీరియాలో గొలుసు ప్రారంభమునకు కారణమగు ఫార్మైలు మెథియొనైనును కనిపెట్టిరి. 1967లో గ్లుటమీన్ సింథటేజుయొక్క అడెనిలైలు పరివర్తనము, 1975లో గ్రాహకముల మిథైలీకరణము వెల్లడియయ్యెను. 1979లో గార్నక్, రీవ్స్ ఎషెరీషియా కోలైలోని ఐసోసిట్రేట్ డిహైడ్రోజనేజునకు ఫాస్ఫేటు చేరుటను ప్రకటించిన పిమ్మట పూర్వపు నమ్మకము నిలువలేదు.

గొలుసు మొదటి కొనయందలి పరివర్తనములు

బాక్టీరియాలో ప్రతి మాంసకృత్తుయొక్క గొలుసును ఫార్మైలు సమూహము గల మెథియొనైనుతో మొదలగును. గొలుసు రైబోసోమునుండి వెలుపలికి రాగానే డీఫార్మైలేజు అను ఎంజైము ఆ ఫార్మైలు సమూహమును తొలగించును. రెండవ స్థానమునందున్న అమైనో ఆమ్లము గ్లైసీను, అలనీను, సెరీనులవలె చిన్నదైనచో మెథియొనైనును గూడ వేఱొక ఎంజైము త్రెంచివేయును. పెద్దదైనచో అది అట్లే నిలుచును. మానవకణములలో, మైటోకాండ్రియాయందు దప్ప, మాంసకృత్తుల ఆరంభమునకు ఫార్మైలు మెథియొనైను లేదు. కావుననే మన రక్తములోని శ్వేతకణములు ఫార్మైలు కొన గల చిన్నగొలుసులను బాక్టీరియా ఉనికికి గుర్తుగా గ్రహించి అటువైపు ప్రాకుచుండును.

ఫాస్ఫేటు పరివర్తనములు

హిస్టిడీను, ఆస్పార్టిక్ ఆమ్లములపై: బాక్టీరియాకు విశిష్టమైన పద్ధతి యిది. త్వచమునందు నిలిచియున్న గ్రాహక ఎంజైము ఒకటి వెలుపలి వార్తను గ్రహించి, ఏ.టి.పి. నుండి ఫాస్ఫేటును తన హిస్టిడీనుపైకి తానే తీసికొనును. కణద్రవములోని రెండవ మాంసకృత్తు ఆ ఫాస్ఫేటును తన ఆస్పార్టిక్ ఆమ్లముపైకి అందుకొని, సామాన్యముగా జన్యువుల నాశ్రయించి, ప్రతిచర్యను నడుపును. 1986లో ఈ జంటలకు ద్వ్యంగ వ్యవస్థలను పేరు వచ్చెను. ఆ సంవత్సరమే నిన్ఫా, మాగసానిక్ నత్రజని కొఱతకు ప్రతిస్పందించు జంటలో ఫాస్ఫేటు మార్పిడిని ప్రత్యక్షముగా చూపిరి. ఎషెరీషియా కోలైలో ఇట్టి జంటలు సుమారు ముప్పది కలవు. లవణసాంద్రత, మెగ్నీషియము, ఫాస్ఫేటు కొఱత మున్నగు స్థితుల కొక్కొక్కదానికి ఒక్కొక్క జంట యున్నది. బాసిల్లస్ సబ్టిలిస్ ఆకలిగొని సిద్ధబీజముగా మారవలసివచ్చినపుడు ఫాస్ఫేటు హిస్టిడీనునుండి ఆస్పార్టిక్ ఆమ్లమునకు, అచ్చటినుండి మరల హిస్టిడీనునకు, తుదకు మరల ఆస్పార్టిక్ ఆమ్లమునకు నాలుగు చేతులు మారును. తిరుగులేని ఆ నిర్ణయమునకు ముందు ఒక్కొక్క మెట్టునను దానిని ఆపుటకు అవకాశ మేర్పడియున్నది.

చక్కెరను లోనికి దీసికొను వ్యవస్థలోను హిస్టిడీనే ఫాస్ఫేటు వాహకము. ఫాస్ఫోఇనాల్ పైరువేటు నుండి బయలుదేరిన ఫాస్ఫేటు వరుసగా కొన్ని మాంసకృత్తులమీదుగా పయనించి, త్వచమును దాటుచున్న చక్కెర అణువునకు చేరును. ఆవేశము పొందిన ఆ చక్కెర మరల వెలుపలికి పోజాలదు.

సెరీను, త్రియొనీనులపై: ఐసోసిట్రేట్ డిహైడ్రోజనేజు దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. బాక్టీరియాకు ఎసిటేటు మాత్రమే ఆహారమైనపుడు, సామాన్యమైన సిట్రిక్ ఆమ్ల చక్రములో కర్బన మంతయు బొగ్గుపులుసు వాయువుగా పోయి, దేహనిర్మాణమునకు మిగులదు. దానిని తప్పించుకొను అడ్డుదారిని, అనగా గ్లయాక్సిలేటు మార్గమును, కోర్న్‌బర్గ్, హాన్స్ క్రెబ్స్ 1957లో వివరించిరి. రెండు మార్గములు వేఱుపడు చోట ఐసోసిట్రేటు నిలిచియుండును. ప్రధానమార్గపు ఎంజైము దానిని మిక్కిలి గట్టిగా పట్టుకొనునది కావున, దాని నణపనిదే అడ్డుదారి నడువదు. అపుడు ఆ ఎంజైముయొక్క 113వ స్థానములోని సెరీనునకు ఫాస్ఫేటు చేరును. ఆ సెరీను సరిగా క్రియాస్థానమునందే యున్నది; ఋణావేశము గల ఫాస్ఫేటు ఋణావేశమే గల ఐసోసిట్రేటును దరిజేరనీయదు. ఎంజైము ఆకృతిలో చెప్పదగిన మార్పేమియు లేదు. సెరీనుకు బదులు ఆస్పార్టిక్ ఆమ్లమును జన్యుపద్ధతిచే నిలిపి చూడగా, ఫాస్ఫేటు లేకయే ఎంజైము నిశ్చేష్టమయ్యెను. ఋణావేశమే కారణమనుటకు ఇంతకంటె స్పష్టమైన పరీక్ష అరుదు. ఈ ఫాస్ఫేటును చేర్చునదియు, తొలగించునదియు ఒకే మాంసకృత్తు.

1991లో మిక్సోకాకస్ జాంథస్ అను బాక్టీరియాయందు ఉన్నతజీవుల నమూనాలోనే యున్న సెరీను-త్రియొనీను కైనేజు, అనగా వానికి ఫాస్ఫేటును చేర్చు ఎంజైము, దొరకెను. క్షయరోగకారకమైన మైకోబాక్టీరియం ట్యూబర్‌క్యులోసిస్ జన్యుసంపుటి 1998లో వెలువడగా అందు ఇట్టివి పదకొండు కనబడెను. వానిలో కొన్ని కణకుడ్యముయొక్క పెరుగుదలను, కణవిభజనను నడుపును. హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రమునందు అంటార్కిటికానుండి తెచ్చిన సూడోమోనాస్ సిరింజీ అను బాక్టీరియాపై పరిశోధించి, దాని త్వచములోని మాంసకృత్తుల ఫాస్ఫేటు పరివర్తనము ఉష్ణోగ్రతను బట్టి మారునని 1994లో ప్రకటించిరి.

టైరొసీనుపై ఫాస్ఫేటును నిలుపు బాక్టీరియా కైనేజులు వేఱొక వంశమునకు చెందినవి. కణమును కప్పు చక్కెరగొలుసుల తయారీలో వాని పాత్ర ముఖ్యమైనది. బాసిల్లస్ సబ్టిలిస్‌లో ఆర్జినీనుకు సైతము ఫాస్ఫేటు చేరును. వేడికి చెడిన మాంసకృత్తులను విచ్ఛేదక యంత్రమున కప్పగించుటకు అచ్చట ఆ గుర్తు పనికివచ్చును.

న్యూక్లియొటైడు పరివర్తనములు: గ్లుటమీన్ సింథటేజు

గ్లుటామిక్ ఆమ్లమునకు అమ్మోనియాను చేర్చి గ్లుటమీనును తయారుచేయు ఈ ఎంజైము నత్రజని జీవపదార్థములోనికి ప్రవేశించు ప్రధానద్వారములలో ఒకటి. ప్రతి గ్లుటమీను అణువునకు ఒక ఏ.టి.పి. ఖర్చగును గనుక, అవసరము లేనపుడు ఈ ద్వారము తెరచియుండుట కణమునకు నష్టము. జర్మనీలో హెల్ముట్ హోల్జర్ బృందము, అమెరికాలో బెథెస్డాయందు ఎర్ల్ స్టాడ్ట్‌మన్ బృందము 1960లలో దీనిని పరిశోధించి, ఇది ఎట్లు మూసికొనునో వెలికి దీసిరి. ఎంజైముల నియంత్రణమునకు సంబంధించి బాక్టీరియానుండి లభించిన దృష్టాంతములలో ఇంత సమగ్రమైనది మఱొకటి లేదని చెప్పుట అతిశయోక్తి కాదు.

ఈ ఎంజైము సమానమైన పండ్రెండు ఉపఖండములతో, ఒకదానిపై నొకటి నిలిచిన రెండు షట్కోణ వలయములుగా నుండును. ప్రతి ఉపఖండమున 397వ స్థానమున ఒక టైరొసీను కలదు. అమ్మోనియా పుష్కలమైనపుడు వేఱొక ఎంజైము ఏ.టి.పి. నుండి అడెనిలైలు సమూహమును దీసి ఈ టైరొసీనుకు తగిలించును. తగిలిన ఉపఖండము మెగ్నీషియము సమక్షమున ఇంచుమించు పనిచేయదు. ఒక్కొక్క అణువుపై సున్న మొదలు పండ్రెండు వఱకు ఎన్ని సమూహములైనను ఉండవచ్చును గనుక, ద్వారము పూర్తిగా తెరచుట, పూర్తిగా మూయుట అను రెండే స్థితులు గాక, నడుమ ఎన్నియో మెట్లు ఏర్పడును.

ఇంక ఈ సమూహమును చేర్చు ఎంజైమునకు ఆజ్ఞ ఎచ్చటినుండి వచ్చును? సమూహమును చేర్చుటయు తీసివేయుటయు ఒకే మాంసకృత్తుయొక్క రెండు భాగములు చేయును. ఏ భాగము చేయవలయునో పీ-2 అను చిన్న మాంసకృత్తు చెప్పును. పీ-2 మూడు ఉపఖండముల కూటము. నత్రజని కొఱవడినపుడు దాని ప్రతి ఉపఖండములోని 51వ టైరొసీనునకు యూరిడిలైలు సమూహము చేరును. అట్టి పీ-2 గ్లుటమీన్ సింథటేజునుండి అడెనిలైలు సమూహమును తొలగింపజేయును. గ్లుటమీను నిండినపుడు యూరిడిలైలు సమూహము తొలగి, వట్టి పీ-2 అడెనిలైలును చేర్పించును. గ్లుటమీను కొఱతను యూరిడిలైలును మార్చు ఎంజైము గ్రహించును. కర్బనము నిలువయున్నదని తెలుపు ఆల్ఫా-కీటోగ్లుటారేటును పీ-2 తానే గ్రహించును. ఇట్లు కర్బనము, నత్రజని రెంటి లెక్కయు ఒకే చోట సరిచూడబడును. అంతటితో ఆగక, ఈ పీ-2 పైన చెప్పిన ద్వ్యంగ వ్యవస్థ నొకదానిని కూడ ప్రభావితము చేసి, గ్లుటమీన్ సింథటేజు జన్యువు ఎంత చురుకుగా పనిచేయవలయునో నిర్ణయించును. క్షణములలో జరుగవలసినది పరివర్తనము వలనను, గంటలకు సంబంధించినది జన్యువు వలనను, రెండును ఒకే సంకేతమునకు లోబడి నడుచును.

అడెనిలైలును చేర్చు ఎంజైము లోపించిన బాక్టీరియా నత్రజనికొఱతలో బాగుగనే పెరుగును. అకస్మాత్తుగా అమ్మోనియాను పోసినచో మాత్రము, అపరిమితముగా పనిచేయుచున్న గ్లుటమీన్ సింథటేజు గ్లుటామిక్ ఆమ్లము నిలువను హరించివేయుటవలన దాని పెరుగుదల దెబ్బతినును.

నత్రజనిని గాలినుండి గ్రహించు రోడోస్పైరిల్లం రూబ్రమ్ అను బాక్టీరియాలో, వెలుతురు పోయినపుడుగాని అమ్మోనియా లభించినపుడుగాని, నత్రజని స్థాపక ఎంజైముయొక్క 101వ ఆర్జినీనునకు ఏ.డి.పి.-రైబోజు చేరి దానిని నిలిపివేయును. కంఠసర్పి, కలరా వ్యాధుల బాక్టీరియా విషములు ఈ చర్యనే మానవకణములలోని మాంసకృత్తులపై ప్రయోగించును.

మిథైలు పరివర్తనములు: ఆకర్షణ దిశకు గమనము

ఎషెరీషియా కోలై సుమారు రెండు మైక్రోమీటర్ల పొడవు గలది. ఇంత చిన్న దేహమునకు తలకు తోకకు నడుమ ఆహారసాంద్రతలోని భేదము తెలియుట కష్టము. కావున అది ఒక క్షణమున ఉన్న సాంద్రతను కొన్ని క్షణముల క్రిందటి సాంద్రతతో పోల్చుచుండునని 1972లో మాక్నాబ్, కోష్‌లాండ్ చూపిరి. పోల్చుటకు జ్ఞాపకము వలయును. ఆ జ్ఞాపకము గ్రాహకములపై మిథైలు సమూహముల రూపమున నుండును.

గ్రాహకము, దానికి కణద్రవమున అంటియున్న చీ-ఏ అను హిస్టిడీను కైనేజు, ఆ కైనేజునుండి ఫాస్ఫేటు నందుకొను చీ-వై, ఇవి ఈ వ్యవస్థకు మూలాంగములు. ఫాస్ఫేటు గల చీ-వై కశాభము మూలముననున్న భ్రామకమునకు అంటినచో అది తిరుగుదిశను మార్చును; బాక్టీరియా ఈత నాపి, దొర్లి, క్రొత్తదిక్కునకు తిరుగును. ఆస్పార్టేటువంటి ఇష్టపదార్థము గ్రాహకమునకు తగిలినచో చీ-ఏ మందగించి, చీ-వైపై ఫాస్ఫేటు తగ్గి, ఈత ఒకే దిక్కున సాగును. ఇంతవఱకు ఇది సూటియైన వ్యవస్థ. కాని ఆస్పార్టేటు అంతటను సమానముగా నిండినచో బాక్టీరియా ఎప్పటికిని దొర్లక ఈదుచునే యుండవలసివచ్చును; అట్లు జరుగదు.

దానికి కారణము గ్రాహకముయొక్క లోపలిభాగమున గల గ్లుటామిక్ ఆమ్లములు. ఆస్పార్టేటు గ్రాహకములో 295, 302, 309, 491 స్థానములలో ఇట్టివి నాలుగు కలవు. వీనిలో రెండు జన్యుసంకేతమును బట్టి గ్లుటమీనులుగా పుట్టి, చీ-బీ అను ఎంజైముచే గ్లుటామిక్ ఆమ్లములుగా మార్పబడును. చీ-ఆర్ అను ఎంజైము ఈ నాలుగింటికి మెల్లగా మిథైలు సమూహములను చేర్చుచుండును. మిథైలు హెచ్చిన కొలదియు గ్రాహకము చీ-ఏను మరల చురుకుపఱచును. చీ-బీ మిథైలును తొలగించును. తొలగిన ప్రతిదియు ఒక మిథనాలు అణువుగా వెలుపలికి పోవును. చీ-ఏ చురుకైనపుడు చీ-బీకి కూడ ఫాస్ఫేటు నిచ్చి దానిని ఉత్తేజపఱచును గనుక, హెచ్చిన చురుకుదనము తనకు తానే తగ్గును. చీ-వై చర్య సెకనులో అల్పాంశమున ముగియగా, మిథైలు చర్యకు కొన్ని సెకనులు పట్టును. ఈ ఆలస్యమే బాక్టీరియాయొక్క జ్ఞాపకకాలము. గ్రాహకముపై నున్న మిథైలుల సంఖ్య కొన్ని క్షణముల క్రిందటి పరిసరమును, గ్రాహకమునకు తగిలియున్న ఆస్పార్టేటు ఇప్పటి పరిసరమును తెలుపును. రెంటి తారతమ్యమే దొర్లుటను నిర్ణయించును.

ఈ సంగతికి మార్గము చూపినది మెథియొనైను. ఆ అమైనో ఆమ్లము కొఱవడిన బాక్టీరియా ఈదగలిగియు దొర్లజాలక, ఇష్టపదార్థమువైపు పోలేకుండుటను విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున జూలియస్ ఆడ్లర్ బృందము గమనించెను. మిథైలు భాగమున రేడియోధార్మిక ఉదజని గల మెథియొనైనును ఒసగి చూడగా, త్వచములోని ఒక మాంసకృత్తునకు ఆ ధార్మికత చేరెను. 1975లో దానిని ప్రకటించిరి. మిథైలును చేర్చు, తొలగించు ఎంజైములు రెండును తరువాతి మూడేండ్లలో కోష్‌లాండ్ ప్రయోగశాలయందు గుర్తింపబడెను.

ఎసిటైలు పరివర్తనములు

రైబోసోములోని ఎల్-12 అను మాంసకృత్తునకు మొదటికొనను ఎసిటైలు చేరినచో దానిని ఎల్-7 అందురు. రెండు వేర్వేరు మాంసకృత్తులని మొదట భ్రమపడుటకు ఈ భేదమే కారణము. లైసీనుపై ఎసిటైలు నియంత్రణమునకు పనికివచ్చుట 2002లో సాల్మొనెల్లాయందు తెలిసెను. ఎసిటేటును ఎసిటైల్ కోఎంజైము-ఏగా మార్చు ఎంజైముయొక్క 609వ లైసీనునకు ఎసిటైలు చేరినచో అది నిలిచిపోవును, ఎన్.ఏ.డి.ని వ్యయపఱచుచు కాబ్-బీ అను ఎంజైము ఆ సమూహమును తొలగించి దానిని మరల నడుపును. అనంతరము వేలకొలది ఎసిటైలు స్థానములు పెక్కు బాక్టీరియాలలో కనబడెను. వానిలో చాలభాగము ఎంజైము ప్రమేయము లేకయే, ఎసిటైల్ ఫాస్ఫేటు నేరుగా లైసీనులతో కలియుటవలన ఏర్పడునని 2013లో తేలెను. వీనిలో ఎన్ని కణమునకు ప్రయోజనకరములో, ఎన్ని కేవలము రసాయనిక యాదృచ్ఛికములో వేఱుచేయుట నేటికిని తెగని సమస్య.

లిపిడు, గంధక పరివర్తనములు

త్వచమును పట్టుకొని నిలువవలసిన మాంసకృత్తులకు కొవ్వు ఆమ్లములు లంగరులు. గొలుసులో ఒకచోట సిస్టీనును గుర్తించి, మొదటి ఎంజైము ఫాస్ఫాటిడిల్ గ్లిసరాలు నుండి డైఎసైల్‌గ్లిసరిలు సమూహమును దాని గంధకమునకు తగిలించును; రెండవది సిస్టీనుకు ముందున్న భాగమును ఖండించును; మూడవది బయల్పడిన నత్రజనికి మూడవ కొవ్వు ఆమ్లమును చేర్చును. మొదటి చర్యను, దాని దాతను శంకరన్, వూ 1994లో స్థాపించిరి. ఈ తెగలో మొదట తెలిసినది 58 అమైనో ఆమ్లముల బ్రౌన్ లిపోప్రోటీను. 1969లో ఫోల్కర్ బ్రౌన్ దానిని వర్ణించెను. దాని ఒక కొన బాహ్యత్వచమునందు నాటుకొని, వేఱొక కొన కణకుడ్యమునకు సమయోజనీయముగా బంధింపబడి, రెంటిని కలిపి యుంచును.

రెండు సిస్టీనుల గంధకములు కలియుట డైసల్ఫైడు బంధము. కణద్రవములో క్షయకరణ స్థితి యుండుటవలన అచ్చట ఇది సాగదు. రెండు త్వచముల నడుమనున్న పెరిప్లాజమునందే సాగును. ప్రయోగనాళికలో ఈ బంధములు తమంతట తామే ఏర్పడునని ఆన్ఫిన్సెన్ పరిశోధనలు చూపియుండుటచే, కణములోను అట్లే జరుగునని భావించుచుండిరి. 1991లో బార్డ్‌వెల్, మెక్‌గవర్న్, బెక్‌విత్ డీ.ఎస్.బీ-ఏ అను ఎంజైమును కనుగొనుటతో, కణము దీనిని యత్నపూర్వకముగా చేయుచున్నదని విదితమయ్యెను.

చక్కెర పరివర్తనములు

మాంసకృత్తునకు చక్కెరగొలుసు లమరుట ఉన్నతజీవుల విశేషమని యెంచుచుండగా, 1976లో క్లాస్ట్రిడియముల ఉపరితల పొరలలో గ్లైకోప్రోటీనులు కనబడెను. పేగులకు సోకు కాంపైలోబాక్టర్ జెజునైలో ఆస్పరజీనుకు ఏడు చక్కెరల గొలుసును తగిలించు పూర్తి వ్యవస్థ యుండుట 1990ల చివర తెలిసెను. 2002లో ఆ జన్యువులను ఎషెరీషియా కోలైలో నిలుపగా అదియు ఆ పని చేయగలిగెను. ఉన్నతజీవులలో ఆస్పరజీనుకు రెండవ స్థానమున సెరీనో త్రియొనీనో ఉన్న చాలును. కాంపైలోబాక్టర్‌లో ముందువైపునను ఒక ఋణావేశ అమైనో ఆమ్ల ముండవలయును.

చిన్న మాంసకృత్తును గుర్తుగా తగిలించుట

నాశమునకు నిర్ణయింపబడిన మాంసకృత్తునకు యుబిక్విటిన్ అను చిన్న మాంసకృత్తును తగిలించుట ఉన్నతజీవుల పద్ధతి. 2008లో క్షయ బాక్టీరియాలో తత్సమానమైన వ్యవస్థ బయల్పడెను. అచ్చట 64 అమైనో ఆమ్లముల పప్ అను మాంసకృత్తు లైసీనునకు బంధింపబడి, ఆ మాంసకృత్తును ప్రోటియసోము అను విచ్ఛేదక యంత్రమునకు చేర్చును. పని ఒకటే యైనను నిర్మాణములో పప్‌కును యుబిక్విటిన్‌కును పోలిక లేదు. ఎషెరీషియా కోలైలో ఈ వ్యవస్థ లేదు.

పరిశీలనా పద్ధతులు

మొదటి తరమువారు రేడియోధార్మిక ఫాస్ఫరసు-32ను బాక్టీరియాకు మేపి, మాంసకృత్తులను జెల్‌పై వేఱుచేసి, ఛాయాచిత్ర ఫలకముపై పడిన నల్లని చాఱలను చూచెడివారు. హిస్టిడీనుపైని ఫాస్ఫేటు ఆమ్లములో నిలువక విడిపోవును. జెల్‌ను ఆమ్లముతో స్థిరపఱచు ఆచారమువలన అది చాలకాలము కంటబడకపోయెను. నేడు మాంసకృత్తులను ముక్కలుచేసి, ద్రవ్యరాశి వర్ణపటమాపకమున తూచి, భారభేదమునుబట్టి ఏ స్థానమున ఏ సమూహమున్నదో చెప్పుదురు. 2008లో ఈ పద్ధతిచే ఎషెరీషియా కోలైలోని 79 మాంసకృత్తులపై 81 ఫాస్ఫేటు స్థానములు గుర్తింపబడెను. స్థానమును గుర్తించుట మాత్రముచేత దాని ప్రయోజనము తెలియదు. ఆ అమైనో ఆమ్లమును మార్చిన జీవిని పెంచి, దాని నడవడిని చూడవలసియుండును.

వైద్య, పారిశ్రామిక ప్రాముఖ్యము

ఎంటరోకాకసులకు వాంకోమైసిన్ ఔషధమునుండి రక్షణ నిచ్చు జన్యువులను మేల్కొలుపునది ఒక ద్వ్యంగ వ్యవస్థయే. అట్టి హిస్టిడీను కైనేజులు మానవకణములలో లేకపోవుట ఔషధాన్వేషకులను ఆకర్షించినది. డీఫార్మైలేజును ఆక్టినోనిన్, లిపోప్రోటీనులను ఖండించు ఎంజైమును గ్లోబోమైసిన్ అరికట్టును, రెండును సహజపదార్థములే.

మానవ మాంసకృత్తులను ఎషెరీషియా కోలైలో తయారుచేయునపుడు పరివర్తనముల భేదము అడ్డువచ్చును. 1978లో ఇన్సులినుయొక్క 21, 30 అమైనో ఆమ్లముల రెండు గొలుసులను వేర్వేరు బాక్టీరియాలలో పండించి, డైసల్ఫైడు బంధములను వెలుపల రసాయనికముగా కలుపవలసివచ్చెను. 1982లో అట్టి ఇన్సులినునకు అమెరికాలో అనుమతి లభించెను. చక్కెరగొలుసు అవసరమైన మాంసకృత్తులను నేటికిని ఎక్కువగా జంతుకణములలోనే పండించుచున్నారు. కాంపైలోబాక్టర్ వ్యవస్థను చొప్పించిన ఎషెరీషియా కోలైలో మాత్రము, వ్యాధికారక బాక్టీరియాయొక్క చక్కెరగొలుసును వాహక మాంసకృత్తునకు కణములోనే తగిలించి, టీకాకు వలయు సంయుక్తపదార్థమును నేరుగా రాబట్టుచున్నారు. షిగెల్లా విరేచనములపై ఈ విధమున రూపొందించిన టీకా మానవులపై పరీక్షల వఱకు వచ్చినది.